భుజం మీద చెయ్యి

“ఈ ఆదివారం కాక పై ఆదివారం మీకు భద్రమైన అభ్యంగనం. బిషప్‌గారు నుదుటికి తైలం రాసేటప్పుడు మీ విశ్వాసానికి పూచీ ఉండే జ్ఞానతల్లి వెనక నిలబడి, కుడిచెయ్యి మీ భుజం మీద వెయ్యాలి. ఎవరినైనా చూసుకోండి. అమ్మలు మాత్రం పనికిరారు,” అన్నాడు ఉపదేశి. “వాళ్ళ చేతులు వీపుకే అలవాటు.”

ఆడపిల్లలంతా నవ్వారు.

రొట్టెల కొట్టువాళ్ళ అమ్మాయికి వెతుక్కునే పని లేదు. తనకు ఊహ తెలిసేసరికే పనావిడ రొట్టెలత్త తమ కొట్టులో పిండి పిసుకుతూ ఉంది. జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది ఆవిడ. జడ వేసి బడికి పంపింది ఆవిడ.

ఆ సాయంత్రమే వెళ్ళి అడిగింది.

అత్త చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

“రేపు చెబుతాను తల్లీ.”

మర్నాడు పని మానేసి, బస్సెక్కి ఎక్కడికో వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మొహం పీక్కుపోయి ఉంది.

“నేను నిలబడలేనమ్మా. ఇంకెవరినైనా చూసుకో.”

“ఏం?”

“నిలబడకూడదు.”

“అంత పాపం ఏం చేశావేంటి?”

అత్త బల్ల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడిచింది.

“అడగందే అమ్మైనా పెట్టదంటారు. నీకు అడిగినా చెయ్యి రాలేదు,” అంది అమ్మాయి.

ఇంటికి వెళ్ళి భోజనం మానేసింది. ఇక ఆ చేతులు పిసికిన రొట్టె ముట్టనని మొండికేసింది. పిలిచి పీట వేస్తే అత్త కాలితో తన్నిందని తల్లి కొట్టంతా వినేలా తిట్టిపోసింది. తండ్రికి పొయ్యి దగ్గర తలెత్తే తీరిక లేదు. పిల్ల అలిగిన ఇంట్లో న్యాయం ఎవరికి కావాలి? అభ్యంగనం ఇంకా వారం ఉందనగా, ఆదివారం పొద్దున్నే రొట్టెలత్తను పనిలోంచి తీసేశారు.

ఆవిడ నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అభ్యంగనం రోజున నగల కొట్టు ఆవిడ జ్ఞానతల్లిగా నిలబడింది. ఫొటోగ్రాఫరు వైపు తిరిగినప్పుడల్లా ఆవిడ ఉంగరాలు అమ్మాయి భుజానికి గుచ్చుకున్నాయి.

గుడి బయటికి వస్తుంటే గుమ్మం పక్కన రొట్టెలత్త కనిపించింది. కాళ్ళ దగ్గర సంచి ఉంది. కుడిచెయ్యి చాచి అమ్మాయి భుజం తాకబోయింది.

అమ్మాయి పక్కకు జరిగింది.

“తెల్ల గౌను. పిండి అంటుతుంది.”

నగల కొట్టు ఆవిడ కిసుక్కున నవ్వింది.

అత్త తన అరచేతులు చూసుకుంది. పని పోయి వారమైంది, వాటికి పిండెక్కడిది? సంచి తీసుకుని మెట్లు దిగి, బస్టాండు వైపు నడిచింది.

మధ్యాహ్నం విందుకు ముసలి సిస్టర్ వచ్చింది. పసిగుడ్డుగా ఉన్న అమ్మాయిని తన ఆశ్రమం నుంచి తెచ్చి ఈ దంపతుల ఒళ్ళో పెట్టింది ఆవిడే. ఇప్పుడు చూపు ఆనదు. ఏది దాచాలో ఏది చెప్పాలో కూడా గుర్తుండదు. కూర్చుంటూనే రొట్టెలత్త ఏదని అడిగింది.

“తీసేశాం సిస్టర్. జ్ఞానతల్లిగా నిలబడమంటే నిలబడనంది. ఒళ్ళంతా పొగరు,” అంది అమ్మాయి.

సిస్టర్ చెంచా కింద పెట్టింది.

“నిలబడనందా? ఒక్కసారి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసుకోనివ్వమని బస్సు దిగి వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. కన్నతల్లి నిలబడకూడదని నేనే పంపేశాను.”