మేడం గదిలో కుండనీళ్లు

మధ్యాహ్నం భోజనాలు ముగిశాయో లేదో, నాంచారమ్మ గరిట పక్కన పడేసి వంటగది కిటికీ దగ్గర నిలబడింది. ఎదురు బిల్డింగులో మూలగది గుమ్మం ముందున్న చెప్పులు లెక్కపెట్టింది. ఆరు జతలు.

“ఆరుగురు!” అంది పళ్లు కొరుకుతూ. “నిన్న నలుగురే.”

గిన్నెలు తోముతున్న చిన్నక్క తలెత్తలేదు. “పోనీయక్కా. పిల్లలకు ఏం తిప్పలున్నయో ఏందో.”

“తిప్పలుంటే నాకు చెప్పొద్దా? నేను సచ్చిన్నా?”

“నేనేం చెప్తనక్కా,” అని చిన్నక్క మళ్లీ గిన్నె మీద పడింది.

భద్రాచలం అడవి అంచున ఉన్న ఆ యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్‌కు నాంచారమ్మే పెద్ద వంటమనిషి. అంతకుముందు ఇరవై ఏళ్లు బొగ్గుబాయి క్యాంటీన్‌లో వండింది. షిఫ్టు దిగి చెమటతో తడిసి వచ్చిన కార్మికులు ఆమె పప్పుచారును మళ్లీ మళ్లీ పోయించుకుని తాగేవాళ్లు. ఆ చెయ్యే ఇక్కడా. కొలతలు లేవు. వంట మధ్యలో నాలిక మీద వేసుకుని చూడటం ఆమెకు నామోషీ.

పిల్లలు పెద్దమ్మా అంటూ కొంగు పట్టుకుని తిరిగేవాళ్లు. టేకులపల్లి నుంచి వచ్చిన పూలి, ఇంటి మీద బెంగతో మొదటి నెలంతా ఆమె చుట్టూనే తిరిగింది. స్తుతి పరీక్ష తప్పితే ముందు ఆమెకే చెప్పుకుంది. తల్లికి ఫోన్ చేసింది ఆ తర్వాతే. మొగుడు పోయి, పిల్లల్లేని నాంచారమ్మకు ఈ నూట ఇరవై మందే సంసారం.

దసరా సెలవుల తర్వాత శారద మేడం దిగింది. ఆమెకిచ్చిన మూలగది తలుపు మీద ‘అంబుడ్స్ ఆఫీస్’ అని బోర్డు పెట్టారు. క్యాంపస్‌లో ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా అక్కడ చెప్పుకోవచ్చట. కాగితం రాయక్కర్లేదట. చెప్పిన మాట గది దాటదట. ఆ మేడం ఎవరికీ శిక్ష వేయదు, ఎవరి పక్కనా నిలబడదు. ఇద్దరి మధ్య మాట కలుపుతుందట, అంతే.

“మాట కలిపెటందుకు గూడ జీతమా? నేను ఉత్తగనే కలుపుత!” అంది నాంచారమ్మ ఆ రోజు. అందరూ నవ్వారు.

ఇప్పుడు ఆమెకు నవ్వు రావడం లేదు.

పిల్లలు చెయ్యి కడుక్కోవడం ఆలస్యం, ఆ గదికే పోతున్నారు. మేడం కుండలో చల్లటి నీళ్లు పెట్టి పిల్లలను తనవైపు తిప్పుకుంది మరి! ఒక్కొక్కతె నిలబడిన చోటే రెండేసి గ్లాసులు తాగడం నాంచారమ్మ కళ్లారా చూసింది. ఇక్కడ ఫిల్టర్ నీళ్లు లేవా? ఆ మహాతల్లి చేతి నీళ్లు అమృతమా?

ఒకరోజు పూలిని దారికి అడ్డంగా నిలబడి పట్టుకుంది. “ఏం జెప్పినవే ఆమెకు?”

“ఏం లే పెద్దమ్మా. ఊరికెనే పోయిన.”

“ఊరికెనే పోతే గంట సేపా?”

పూలి పక్కకు తప్పుకుని వెళ్లిపోయింది. నాంచారమ్మకు ఇంకా మండింది.

“ఉండు, నా చెయ్యేందో ఆమెకు చూపెడ్త,” అనుకుంది. బుధవారం భద్రాచలం నుంచి ఎండుచేపలు తెప్పించి వేపింది. ఇంట్లో దాచుకున్న చింతకాయ తొక్కు జాడీ చంకన పెట్టుకుని మోసుకొచ్చింది. ప్రతి కంచం దగ్గరా నిలబడి, వద్దన్నా వినకుండా కొసరి కొసరి వడ్డించింది.

“ఎట్లున్నదే?”

“సూపర్ పెద్దమ్మా,” అన్నారు పిల్లలు.

ఆ మధ్యాహ్నం మూలగది ముందు పదకొండు జతల చెప్పులున్నాయి.

నాంచారమ్మ ఆగలేకపోయింది. చీపురు చేతపట్టుకుని, వరండా ఊడ్చే వంకతో తలుపు దాకా వెళ్లింది. లోపల స్తుతి గొంతు.

“మేము వచ్చినట్టు పెద్దమ్మకు మాత్రం తెల్వొద్దు మేడం. మీ కాళ్లు మొక్కుత.”

నాంచారమ్మ చీపురు అక్కడే వదిలేసి వచ్చేసింది. మొన్న వచ్చిన మనిషికి తెలియొచ్చు. తనకు తెలియకూడదు! ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు ఉదయం, గది ఖాళీగా ఉన్నప్పుడు నేరుగా లోపలికి నడిచింది.

“ఏం మందు పెట్టినవ్ మేడం నా పిల్లలకు?”

శారద మేడం లేచి నిలబడింది. “కూసోండక్కా.”

“కూసునేటందుకు రాలే. ఎవరొచ్చిన్రు, ఏం చెప్పిన్రు, అన్నీ చెప్పు.”

“ఎవరొచ్చిన్రో కూడా చెప్పొద్దక్కా. ఈ కుర్చీకున్న కట్టుబాటది.”

“నీ కట్టుబాటు పొయ్యిల పెట్టు! వండిపెట్టేది నేను, కడుపులు చూసేది నేను. కష్టం మాత్రం నీకు చెప్పుకునుడా?” నాంచారమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “సరే, పేర్లొద్దు. పిల్లలను గంత గోస పెడుతున్నదెవరో గదొక్కటి చెప్పు. వార్డెనా? పోరగాండ్లా? ఎవలైనా సరే, గరిట కాల్చి వాత పెడ్త!”

శారద మేడం తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“పేర్లు లేకుంట మీకు ఒక్క మాట చెప్పొచ్చని నిన్న సాయంత్రమే పిల్లలందరు ఒప్పుకున్నరు. నేనే మీ దగ్గరికి వద్దామనుకున్న.”

“చెప్పు మరి. ఎవరు వాడు?”

మేడం ఆమె చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“వార్డెన్‌కు రాసిస్తే మీ కొలువు పోతదని, ముఖం మీద చెప్తే మీ మనసు విరుగుతదని, ఇన్ని రోజులు చాటుగ వచ్చి పిల్లలంతా నాతో మొరపెట్టుకున్నది ఒక్కటేనక్కా, మీరు వేసే ఉప్పు!”