దుప్పటి కప్పిన అద్దాలు

ఆ రోజుల్లో ప్రతి ఇంటి గోడకూ ఆరోగ్య అద్దం ఉండేది. పొద్దున్నే ముఖం చూపిస్తే, జ్వరం ఉంటే పసిగట్టి ఎర్రబడేది. కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ తోటల పక్కన, మెక్సికో కూలీల వీధిలో మాత్రం అందరూ అద్దాలకు దుప్పట్లు కప్పేశారు. ఆ వీధిలోనే ఉండే కూలి నీవెస్ కూడా అంతే. అద్దం ఎర్రబడితే తోట గేటు తెరుచుకోదు, కూలి రాదు.

ఆ ఏటి అంటుజ్వరంలో, అదే వీధిలో ఉండే ఒఫీలియా తమ్ముడు ఆయాసంతోనే పనికి వెళ్లి, తోటలోనే ప్రాణం విడిచాడు. వారం తిరక్కుండా ఒఫీలియా లోపలి ఆయాసాలు వింటూ ప్రతి గుమ్మం ముందూ నిలబడింది.

"రేపు అందరం ఒకేసారి ముఖం చూపిద్దాం," అంది.

"అందరి పనీ పోతే?" అడిగింది నీవెస్.

"అప్పుడు పండ్లు ఎవరు కోస్తారు?"

తెల్లారేసరికి వీధంతా అద్దాలు ఎర్రబడ్డాయి, తోట గేటు తెరుచుకోలేదు. పండ్లు మొక్కలకే మెత్తబడిపోతుంటే, జ్వరం వచ్చినవాళ్లకి సెలవులోనూ కూలి ఇస్తామని మూడో రోజుకి యజమానులు ఒప్పుకున్నారు. డాక్టర్ల బండి మొదటిసారి ఆ వీధిలోకి వచ్చింది.

"ముందు ఎవరిని చూడమంటారు?" అడిగింది డాక్టరమ్మ.

ఒఫీలియా తడుముకోకుండా ఆయాసపడుతున్నవాళ్ల పేర్లు చెప్పుకుపోయింది. మొదటి పేరు నీవెస్ భర్తది. అతనికి ఒంట్లో బాగాలేదని నీవెస్ ఎవరికీ చెప్పలేదు.