సర్వరుకొకసారి

ఫోన్లో నొక్కితే అంబులెన్సు పంపే సర్వీసు మూడు సర్వర్ల మీదా ఒకేలా పలుకుతోందో లేదో చూడటం నా ఉద్యోగం. ఉత్తుత్తి రోగిగా, ఏడిపించడానికి, మా బావ నెంబరే పెట్టాను. జబ్బు గుండెపోటు.

"రోజుకెన్నిసార్లు చంపుతావు బావా నన్ను?" అనేవాడు.

"మూడే బావా. సర్వరుకొకసారి."

నిజం బండ్లు కదలకూడదు కదా. ఆ నెంబరు నుంచి పిలుపొస్తే "అందింది" అని చెప్పి ఊరుకోమని మూడింటికీ నేనే నేర్పాను. సర్వీసు జనంలోకి వెళ్ళేముందు తీసేద్దామనుకున్నాను.

వెళ్ళిన వారానికి, మధ్యాహ్నం, చెల్లెలు ఫోను చేసింది.

"అన్నయ్యా, మీ బావ పడిపోయారు. ఆయన ఫోన్లోంచే మూడుసార్లు నొక్కాను. అందిందనే అంటోంది. గంటయింది, బండి రాలేదు. నీ సర్వీసేగా, కాస్త చూడు."

చూశాను. మూడు సర్వర్లూ నేను నేర్పినట్టే పలికాయి.