ఆస్పత్రి ముందు సిగ్నల్

“ఆ మహానుభావుడు మళ్ళీ ఫోన్ చేశాడండీ. ఆస్పత్రి ముందు రోడ్డు దాటలేక చస్తున్నాం, సిగ్నల్ పెట్టండి అంటాడు,” అన్నాడు గుమాస్తా.

“రోజూ ఇదే గోల! నేనే వెళ్ళి చూసి తేల్చేస్తా,” అని లేచాడు ట్రాఫిక్ ఇంజినీరు.

ఉన్నది ఒక్కటే సిగ్నల్ స్తంభం. ఆస్పత్రి ముందు పాతాలా, షాపింగ్ మాల్ దగ్గర పాతాలా అన్నదే తేలాలి. మాల్ దగ్గర అప్పుడే గుంత తవ్వి, స్తంభం నిలబెట్టి, కాంక్రీటు కలిపేసి, పనివాళ్ళు ఆయన మాట కోసం కాచుక్కూర్చున్నారు.

ఆస్పత్రి ముందు బండ్లు ఊపిరాడనివ్వకుండా దూసుకుపోతున్నాయి. బస్సు దిగినవాళ్ళు రోడ్డు అంచునే గుంపుగా నిలబడిపోయారు.

అంతలో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన చెయ్యి పైకెత్తి రోడ్డు మీదికి దిగాడు.

అటు చూడలేదు, ఇటు చూడలేదు.

కీచుమంటూ బండ్లన్నీ ఆగాయి.

“పదండి, పదండి!” అంటూ గుంపంతా ఆయన వెనకే దాటేసింది, ఇంజినీరుతో సహా.

“భలేవారండీ! బండ్లవైపు చూడనైనా చూడరే?” అన్నాడు ఇంజినీరు వెనకనుంచి.

“చూస్తే ఎవడూ బండి ఆపడండీ. చూశాడుగా, వాడే ఆగుతాడులే అనుకుంటారు.”

“భయం వెయ్యదూ?”

“ఎందుకు వెయ్యదు? మా ఆవిడ లోపల మంచం మీదుంది. రాక తప్పదుగా!” అని నవ్వి, ఆయన గేటు పక్క గోడకు చేరగిలబడ్డాడు.

ఇంజినీరుకు ముచ్చటేసింది. మనిషంటే ఇలా ఉండాలి! ఇంత గుండె ఉంటే ఇక సిగ్నల్ దేనికి, దండగ!

అక్కడికక్కడే మేస్త్రీకి ఫోన్ కొట్టాడు. “స్తంభం మాల్ దగ్గరే పాతెయ్యండి.”

“మీ నోటిమాట కోసమే ఆగాం సార్. ఇదిగో, కాంక్రీటు పడిపోయింది. ఇక ఏనుగొచ్చినా కదలదు.”

ఒక పని అయిపోయింది. ఇక ఆ ఫోన్ల మనిషికి నాలుగు మాటలు చెప్పాలి. గుమాస్తా ఇచ్చిన నంబరు నొక్కాడు.

గోడ దగ్గర, తెల్లచొక్కా జేబులో ఫోన్ మోగింది.

ఇంజినీరు తెల్లబోయి, గబగబా ఆయన ఎదుటికొచ్చాడు. “మీరేనా... సిగ్నల్ కావాలని...”

“నేనేనండీ! పెడుతున్నారా?” ఆయన ముఖం వెలిగిపోయింది. “అరె, ఇందాకటి గొంతే! ఎక్కడున్నారండీ?” అంటూ, ఎదురుగా నిలబడ్డ ఇంజినీరు కోసం గాల్లో చెయ్యి చాపి తడుముకున్నాడు.