అరిగిన క్లచ్ ప్లేటు

"క్లచ్ రాయి లెక్కున్నదేంది పేరయ్యన్నా!" అన్నాడు మెకానిక్ సమ్మయ్య, తార్నాక షెడ్డులో పేరయ్య పాత పికప్ వ్యాను పెడల్ తొక్కుతూ.

కేబుల్ కొసను క్లచ్ నుంచి విడదీసి మళ్లీ తొక్కాడు. ఈసారి పెడల్ మెత్తగా దిగింది.

"కేబుల్ మంచిగనే ఉన్నది. లోపల ప్లేటు అరిగింది. క్లచ్ మీది కాలు తియ్యకుండ, మనిషి నడకంత మెల్లగ నడిపినవ్. మొన్న తెలంగాణ ర్యాలీల ఇరుక్కున్నవా? మీ ఆంధ్రోళ్లకు మా లొల్లి తిప్పలే!"

పేరయ్య గొంతు తగ్గించాడు. "ఇరుక్కోలేదు సమ్మయ్యా. యూనివర్సిటీ పిల్లలు ఎండలో నడుస్తుంటే, మంచినీళ్ల క్యాన్లు వేసుకుని వెనకాలే వెళ్లాను. మా ఆవిడతో మాత్రం అనకు బాబూ!"

సమ్మయ్య పానా పక్కన పెట్టాడు. కొత్త ప్లేటు అందుకున్నాడు.

"రేపు మళ్ల ర్యాలీ ఉన్నది. బండి నేను నడుపుత. నువ్వు వెనక కూసొని నీళ్లు పొయ్యి. లేకుంటే ఇది గూడ అరగదీస్తవ్."