ఈవేళ మీవాళ్ళకెంత?

సుయున్ తన మడతకుర్చీని పెంగ్ పెద్దాయన పక్కనుంచి లాగి, ఎదుటి గోడవారగా వేసుకుంది.

కారణం చిన్నదే. ఆయన కొడుకు రక్తంలో లాక్టేట్ మళ్ళీ తగ్గిందట.

చెంగ్డూలోని ఆ పెద్దాసుపత్రిలో, క్లోమగ్రంథి వాచి ప్రాణంమీదికి వచ్చినవారిని ఉంచే ఐసీయూలోకి బంధువులను రానివ్వరు. ఉదయం డాక్టరు ఒక్కొక్క కుటుంబాన్నీ గదిలోకి పిలిచి రక్తపరీక్షల అంకెలు చెబుతాడు. బయటికి వచ్చినవారిని వరండా అంతా, ఫలితాలు వెలువడిన రోజున పిల్లల మార్కులు అడిగినట్టు అడుగుతుంది: "మీవాళ్ళకెంత?"

యూరియా, కాల్షియం ఎవరికీ అంతగా పట్టవు. లాక్టేట్ పెరిగితే ఆశ తగ్గినట్టని మాత్రం అందరికీ తెలుసు.

సుయున్ భర్త లియాంగ్ కొత్త సంవత్సరపు విందులో జొన్నసారా తాగి, కడుపు పట్టుకుని కూలబడ్డాడు. అతని అంకె పెరుగుతూనే ఉంది.

పెంగ్ కొడుకుదీ అదే జబ్బట. సుయున్ తన ఆడపడుచు ఇంటినుంచి బస్సులో వచ్చేసరికే ఆయన కబురు తెలుసుకున్నవాడిలా కూర్చుని ఉండేవాడు. అడిగితేనే చెప్పేవాడు. నిన్నటికన్నా కొంచెం తక్కువ.

ఆ "కొంచెం తక్కువ" ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. డాక్టరుకు కానుకలు ముట్టి ఉంటాయని పక్కవారితో గొణిగేది. ఆయన వలిచి ఇచ్చిన కమలాతొనలను తాకను కూడా తాకేది కాదు.

"మీవాడు కుర్రాడు కదా పెద్దాయనా. నీళ్ళు పోసినా మందులా పనిచేస్తుంది," అని ఒకసారి దెప్పింది.

"అవునమ్మా, కుర్రాడే," అన్నాడాయన.

కుర్చీ జరిపిన మర్నాడే డాక్టరు ఆమె ముందు డిశ్చార్జి కాగితం పెట్టాడు. అంకె ఆరు దాటిందని, ఇంటికి తీసుకువెళితే సొంత మంచంమీద కన్నుమూస్తాడని నెమ్మదిగా చెప్పాడు. అక్కడ అది కొత్త కాదు. చివరి ఊపిరి ఇంట్లోనే విడవాలని అంబులెన్సు మాట్లాడుకుని వెళ్ళిపోయేవారు చాలామంది.

వరండాలోకి వచ్చి, కలం పట్టుకుని కూర్చున్న ఆమె దగ్గరకు పెంగ్ తన కుర్చీ తెచ్చుకున్నాడు.

"ఎంతమ్మా?"

"ఆరు. ఇప్పుడు మీ కళ్ళు చల్లబడ్డాయా?"

"మావాడిది ఏడు దాకా పోయింది. నీతో అనలేదు. ఈ కాగితమే నా ముందూ పెట్టారు."

"సంతకం పెట్టలేదా?"

"పెట్టలేదు. మర్నాటినుంచే దిగడం మొదలెట్టింది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏడునుంచి ఈయన కొడుకు తిరిగి రాగా లేనిది, ఆరునుంచి తన మొగుడు రాలేడా? ఈ ముసలాయనకన్నా తాను దేనిలో తక్కువ?

సంతకం లేని కాగితాన్ని డాక్టరు బల్లమీద పెట్టేసి వచ్చింది.

లియాంగ్ అంకె కొన్నాళ్ళు కదలలేదు. ఆ తరువాత దిగింది. ఆ మాట చెప్పి పెంగ్ ముఖం చూడాలని ఆమె వరండాలోకి విసవిసా వచ్చింది. ఆయన లేడు. మరి కనబడనూలేదు.

భర్తను మామూలు వార్డుకు మార్చిన రోజున ఆమె నర్సును ఆరా తీసింది. పెంగ్ కొడుకు తమకన్నా ముందే ఇల్లు చేరి ఉంటాడా అన్న బాధ ఇంకా పోలేదు.

నర్సు ఆమెను వరండా చివరికి తీసుకువెళ్ళింది.

"ఆ అబ్బాయి ఇంటికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడక్కా. ఆయన మళ్ళీ వచ్చి ఇక్కడ కూర్చుంటుంటే వెళ్ళమనలేకపోయాం. మీ ఆయన్ని తెచ్చిన రోజున, ఆ పెద్దాయన సంతకం పెట్టి ఖాళీ చేసిన మంచంమీదే పడుకోబెట్టాం."