పది అంగుళాల పుల్లీ

ఆ ఆదివారం పొద్దున గేటు ముందు నిలబడ్డ పెద్దమనిషి ఫణి ముఖం కూడా చూడలేదు. పోర్టికోలో ఉన్న లేత్ మిషన్ కేసి చూస్తూ అడిగాడు.

"మిషన్ మంచిగున్నదా సారూ?"

"బ్రహ్మాండంగా ఉంది. మీరెవరు?"

"జంగయ్య అంటరు. మాది కొత్వాల్‌గూడ. మీరు ఇనుప పని చేస్తరని చెప్పిండ్రు."

ఫణి ఛాతీ పొంగింది. ఎవరు చెప్పారని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

నిజానికి ఫణి విమానాశ్రయం కార్గో ఆఫీసులో పార్శిళ్ల కాగితాలు చూసుకునే గుమాస్తా. కొత్త విమానాశ్రయం వచ్చిన ఏడాదే గుంటూరు నుంచి శంషాబాద్‌కు మారాడు. కాటేదాన్‌లో పాత ఇనుము కొట్లో, ఇనుమును తిప్పుతూ చెక్కే ఆ చిన్న లేత్ కనబడితే మనసు పారేసుకుని కొన్నాడు. రెండేళ్లలో దాని మీద తయారైంది ఒకే ఒక్క వస్తువు, తాళం చెవుల బిళ్ల. అదీ వంకర. అయినా ఇంటర్నెట్‌లో లేత్ ప్రియుల ఫోరంలో అతను పెట్టుకున్న పేరు 'ఇనుప ఫణి'.

జంగయ్య సంచీలోంచి రెండు ముక్కలైన పుల్లీ తీశాడు. పశువులకు గడ్డి కత్తిరించే మిషన్‌ది. పది అంగుళాలుంది.

"గిసొంటిది ఇప్పుడు దొరుకుతలేదు సారూ. రెండు బర్రెలున్నయి. మా రాములమ్మ చేత్తోని గడ్డి తరగలేక పరేషాన్ అవుతున్నది."

ఫణి లేత్‌లో పట్టేది ఏడంగుళాలే. బుద్ధి ఉన్నవాడైతే ఆ మాటే చెప్పి పంపేవాడు.

"వచ్చే ఆదివారం రండి" అన్నాడు ఫణి.

జంగయ్య వెళ్లగానే సింధూర బయటికి వచ్చింది. "ఏడంగుళాల మిషన్‌లో పది అంగుళాల చక్రం ఎలా పడుతుందండీ?"

"మిషన్‌నే మార్చేస్తాను" అన్నాడు ఆమె భర్త.

మార్చాడు. చక్రాన్ని పట్టి తిప్పే తల భాగాన్ని విప్పి, పైకెత్తి, కింద రెండు టేకు దిమ్మలు పెట్టాడు. విరిగిన పుల్లీ కొలతలతో కొత్తది పోత పోయించుకొచ్చాడు. ఇక దాన్ని చెక్కి నునుపు చేయడమే మిగిలింది.

ఆదివారం జంగయ్య రెండు సొరకాయలతో వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మిషన్ మీది దుమ్మును తన తువ్వాలతోనే తుడిచాడు.

"కట్టె దిమ్మలు ఊగుతయేమో సారూ. ఇనుపయి పెడితే?"

ఫణి జాలిగా నవ్వాడు. అదురును కట్టె ఎలా పీల్చుకుంటుందో పావుగంట వివరించాడు.

"అట్లనా సారూ" అన్నాడు జంగయ్య.

స్విచ్ వేశాడు ఫణి. చక్రం నాలుగు చుట్లు తిరిగింది. ఐదో చుట్టుకు పట్టు విడిపించుకుని, సింధూర బట్టల బకెట్‌ను రెండు చెక్కలు చేసి, గేటు దగ్గరికి వెళ్లి ఆగింది.

ఆ వారమే ఇనుప దిమ్మలు వచ్చాయి. టేకు పనికిరాదని తన పరిశోధనలో తేలినట్టు ఫణి ఫోరంలో రాసుకున్నాడు.

మిషన్ తల ఎత్తు పెరిగాక ఇనుమును చెక్కే కత్తి అందలేదు. కత్తిని ఎత్తితే బెల్టు చాలలేదు. బెల్టు మారిస్తే మోటారు జరపాల్సి వచ్చింది. ప్రతి ఆదివారం జంగయ్య వచ్చేవాడు, కూర్చునేవాడు, చూసేవాడు. నూనె పోస్తున్నారా అని మాత్రం మర్చిపోకుండా అడిగేవాడు.

ఐదో ఆదివారం ఎట్టకేలకు కత్తి ఇనుముకు తగిలింది. తగలగానే మిషన్ కీచుమంది. వీధిలో కుక్కలు జవాబిచ్చాయి. పుల్లీ మీద అలలు అలలుగా గీతలు పడ్డాయి.

"జర నెమ్మదిగ తిప్పుండ్రి సారూ. తొందర చేస్తే ఓర్వదు."

"మీకు కొత్త కదా జంగయ్యగారూ. లేత్ అంటేనే స్పీడు."

అంతలో ఆఫీసు నుంచి ఫోన్. ఇంట్లో సిగ్నల్ సరిగా అందక ఫణి వీధి చివరికి పోయి అరగంట మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి జంగయ్య స్టూలు మీదే ఉన్నాడు, తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ.

ఫణి మళ్లీ స్విచ్ వేశాడు. కీచు లేదు, అదురు లేదు. ఇనుప పొడి సన్నగా, మెత్తగా రాలుతోంది. చక్రం ఎందుకో మునుపటికంటే నెమ్మదిగా తిరుగుతున్నట్టనిపించింది. కరెంటు తక్కువగా వస్తోందేమోననుకున్నాడు.

"చూశారా! ఇనుముకు కూడా కుదురుకోవడానికి కాస్త టైమివ్వాలి."

"నిజమే సారూ" అన్నాడు జంగయ్య.

మరుసటి ఆదివారం ఫణి పుల్లీని స్కూటర్ మీద పెట్టుకుని స్వయంగా కొత్వాల్‌గూడ వెళ్లాడు. జంగయ్య పది నిమిషాల్లో దాన్ని బిగించేశాడు. ఫణి పక్కన నిలబడి పానా పట్టుకున్నాడు. మిషన్ తిరిగింది. గడ్డి ముక్కలు జలజలా రాలాయి. బర్రెలు రెండూ తలెత్తి చూశాయి. అవి తననే మెచ్చుకుంటున్నట్టు తోచింది ఫణికి.

జంగయ్య పాలు పితకడానికి వెళ్లాడు. ఆయన భార్య రాములమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"లేత్ పని అందరికీ పట్టుబడేది కాదమ్మా" అన్నాడు ఫణి గ్లాసు అందుకుంటూ. "పాపం, జంగయ్యగారు అలాంటి మిషన్ ఎన్నడూ చూడలేదనుకుంటాను. రెప్ప వేయకుండా చూసేవారు."

రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక మెల్లగా చెప్పింది.

"ఇరవై ఏండ్లు ఆ మిషన్ మీదనే బతికినోడు, నా దవాఖాన ఖర్చుకు దాన్ని అమ్ముకున్నడు సారూ, అది మీ ఇంట్ల ఉన్నదని తెల్సినంక, చూడనీకి సాకు దొరకక, మంచిగున్న పుల్లీని ఆయనే సుత్తెతోని పలగ్గొట్టిండు."